బ్రీతర్‌లో పొగ: పాత కారు ఇంజన్ విప్పే ముందు

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి సన్నగా ఆవిరి రావడం జబ్బు కాదు. పాత అంబాసిడర్‌లోనైనా, ప్రీమియర్ పద్మినిలోనైనా, మహీంద్రా జీపులోనైనా అది కొంత ఉండేదే. ఆ ఆవిరి ధార కట్టి, మూత దగ్గర అరచెయ్యి ఆనిస్తే నెట్టేంత ఊపు అందుకుని, కారు ఆగినప్పుడల్లా డ్రైవరు ముక్కుకు కాలిన ఆయిల్ కమురు తగులుతుంటే మాత్రం పట్టించుకోవాలి. మెకానిక్ షెడ్లలో దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. పుస్తకాల్లో పేరు బ్లో-బై. పొగ చూడగానే "బోరుకొచ్చింది, ఇంజన్ దించాల్సిందే" అనే మాట వినిపిస్తుంది. ఆ మాట చాలాసార్లు నిజమే కావచ్చు. కానీ ఒక చవకైన రబ్బరు పైపు మూసుకుపోయినా అచ్చం ఇదే పొగ వస్తుంది. ఇంజన్ విప్పితే వేలల్లో ఖర్చు. విప్పకముందు చేయదగ్గ పరీక్షలకు ఒక్క పూట చాలు. ఆ పూట వెచ్చించకుండా స్పానర్ పట్టడం కారు యజమానికి అన్యాయం.

సిలిండర్‌లో పెట్రోలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి ముప్పై నలభై రెట్లు ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో ఇంకా ఎక్కువ. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య ఆ ఒత్తిడిని నిలిపేవి రింగులు. రింగు నిండు వలయం కాదు, ఒకచోట తెగి ఉంటుంది. ఆ సందు లేకపోతే వేడికి సాగిన రింగు బోరులో బిగుసుకుపోతుంది. అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బోరు సుమారు 73 మిల్లీమీటర్లు. అంత బోరులో కొత్త రింగు సందు పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఇంధనం మండిన ప్రతిసారీ ఆ సందులోంచి కొంచెం గ్యాసు కిందికి, క్రాంక్ షాఫ్ట్ తిరిగే గదిలోకి జారుతుంది. అందులో కాలని పెట్రోలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి ఉంటాయి. కింద చిమ్ముతున్న ఆయిల్ తుంపర కూడా వాటితో కలిసి పొగలా పైకి లేస్తుంది.

ఆ గ్యాసు బయటికి పోవడానికి ఇంజన్‌కు పెట్టిన దారే బ్రీతర్. కాబట్టి పొగ పెరగడానికి మూడే మార్గాలు. పైనుంచి గ్యాసు ఎక్కువగా దిగాలి, లేదా బయటికి పోయే దారి మూసుకోవాలి, లేదా ఆయిలే పలచబడో ఎక్కువై చిలకబడో పొగగా లేవాలి. వీటిలో ఏది జరిగిందో తేల్చుకోవడమే అసలు పని. రింగులూ బోరూ మొదటి మార్గానికి మాత్రమే చెందుతాయి.

హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో 1950ల చివరి నుంచి 2014 మే నెల దాకా అంబాసిడర్లు తయారు చేసింది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మూలం. దాని 1489 సీసీ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్ కుటుంబానికి చెందినది. ఆ పాత తరం ఇంజన్లలో ఊపిరి దారి చాలా సాదాగా ఉండేది. పక్కన టాపెట్ గది మూత నుంచి ఒక లావాటి గొట్టం కిందికి దిగి, కారు అడుగున గాలిలోకి వదిలేసేది. పైన రాకర్ కవర్ నుంచి ఒక రబ్బరు పైపు ఎయిర్ క్లీనర్‌కు పోయేది. కారు ముందుకు పోతుంటే అడుగున గాలి ఊపు గొట్టం మూతి దగ్గర గ్యాసును పీల్చేది. కారు నిలబడి ఉంటే ఆ పీల్పు ఉండదు. ఆగినప్పుడే పొగ ఎక్కువ కనపడడానికి ఇదొక కారణం. గ్యాసును వీధిలోకి వదలకుండా మళ్లీ ఇంజన్‌లోకే పంపి కాల్చే పీసీవీ వాల్వ్ పద్ధతిని పొగమంచుతో సతమతమైన కాలిఫోర్నియా 1963 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేసింది. తర్వాత అది ప్రపంచమంతా పాకింది.

బీ-సిరీస్ ఇంజన్‌లో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీద మర చుట్టులా కోసిన గాడి తిరుగుతూ ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది. లోపల గ్యాసు ఒత్తిడి పెరిగితే ఆ గాడి బలం చాలదు. ఆయిల్ క్లచ్ ఉండే బెల్ హౌసింగ్‌లోకి కారుతుంది, క్లచ్ జారుతుంది. క్లచ్ ప్లేటు మార్చినా కొద్ది నెలల్లో మళ్లీ అదే తంతు. అలాంటి కారులో ముందు చూడాల్సింది బ్రీతర్.

పరీక్ష చూపుతోనే మొదలవుతుంది. పొగ ఎక్కడి నుంచి వస్తోందో మొదట తేల్చాలి. రాకర్ కవర్ గాస్కెట్ కారి, ఆయిల్ వేడి సైలెన్సర్ మేనిఫోల్డ్ మీద పడ్డా బానెట్ కింద దట్టంగా పొగ లేస్తుంది. దానికీ రింగులకూ సంబంధం లేదు. బ్రీతర్‌లోంచే వస్తోందని రూఢి అయ్యాక రంగు, వాసన, లయ చూడాలి. ధనుర్మాసపు పొద్దున చల్లని ఇంజన్ స్టార్ట్ చేస్తే తెల్లగా వచ్చి, కాస్త పైకి లేవగానే మాయమయ్యేది నీటి ఆవిరి. ఊరి నుంచి మార్కెట్ యార్డుకు, యార్డు నుంచి ఇంటికి రెండేసి మైళ్లు మాత్రమే తిరిగే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. ఆ నీరు లోపలే నిలిచి ఆయిల్ మూత అడుగున మీగడలాంటి తెల్లటి జిడ్డుగా పేరుకుంటుంది. ఇరవై మైళ్లు ఆగకుండా తోలితే అది పోవాలి. పోకపోగా రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

నీలి ఛాయతో, ఆయిల్ కమురుతో, గాలిలో తేలుతూ నిలిచే పొగ వేరు. అది ఎడతెగకుండా సమంగా వస్తే నాలుగు సిలిండర్లూ కలిసి అరిగి ఉండొచ్చు. గుప్పు గుప్పుమని విడివిడిగా, ఇంజన్ లయకు తగ్గట్టు వస్తే ఒకే సిలిండర్‌లో రింగు విరిగిందనో పిస్టన్‌కు దెబ్బ తగిలిందనో అర్థం. ఈ పొగ పరీక్షించేటప్పుడు అగ్గిపుల్ల, బీడీ దగ్గరికి రాకూడదు. అందులో మండే ఆవిరి ఉంటుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

తర్వాత ఆయిల్ గేజ్ కడ్డీ తీసి చూడాలి. మట్టం పై గీత దాటి ఉంటే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి తుంపర చేస్తుంది. ఎక్కువైన ఆయిల్ తీసేస్తే పొగ తగ్గిపోయే సందర్భాలున్నాయి. పోయకుండానే మట్టం పెరుగుతుంటే అది ఇంకా ప్రమాదం. మెకానికల్ పెట్రోలు పంపు ఉన్న ఇంజన్లలో పంపు లోపలి డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు నేరుగా కింద ఆయిల్ చాంబర్‌లోకి కారుతుంది. కడ్డీ మీది ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారుతుంది, ముక్కు దగ్గర పెడితే పెట్రోలు వాసన కొడుతుంది. ఆ పలచని ఆయిల్ వేడికి ఇట్టే ఆవిరవుతుంది, బేరింగులనూ తినేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత కాలపు రబ్బరుకు సరిపడదు. అందుకే యాభై ఏళ్ల నాటి డయాఫ్రమ్, పైపులు ఉన్న కారులో ఈ లోపాన్ని ముందు వరసలో చూడాలి. కిరోసిన్ కలిపిన పెట్రోలు కూడా ఇలాగే ఆయిల్‌ను పలచబరుస్తుంది. పైగా దాంతో ఇంజన్ నాకింగ్ కొట్టి పిస్టన్ రింగు గాళ్ల మధ్య అంచులు విరిగే ముప్పుంది.

ఆయిల్ బాగానే ఉందంటే బ్రీతర్ దారి విప్పాలి. పక్క గొట్టం, రాకర్ కవర్ పైపు, వాటి మధ్య ఉండే తీగ జల్లెడ, పీసీవీ వాల్వ్ ఉంటే అది, ఒక్కోటీ తీసి నోటితో ఊదకుండా టైరు షాపు గాలి గొట్టంతో ఊది చూడాలి. ఏళ్లుగా కడగని జల్లెడలో ఆయిల్, దుమ్ము కలిసి నల్లటి తారులా గడ్డకట్టి ఉంటుంది. రబ్బరు పైపు బయటికి నిక్షేపంగా కనిపిస్తూ, లోపలి పొర ఊడి ముడుచుకుని దారి మూసేస్తుంది. చేత్తో నొక్కి చూస్తే గాని అది తెలియదు. చాలాకాలం షెడ్డులో నిలిచిన కారులో కిందికి తెరిచి ఉన్న గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టడం కూడా ఉన్నదే. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, బిగించి మళ్లీ నడపాలి. చాలా కార్ల కథ ఇక్కడే సుఖాంతమవుతుంది.

దారి శుభ్రమయ్యాకే గ్యాసు ఎంత వస్తోందో చూడడంలో అర్థముంది. ఇంజన్ వేడెక్కాక, ఐడిలింగ్‌లో, ఆయిల్ మూత తీసి ఆ నోటి మీద ఒక పలచని కాగితం పెడతారు. పీసీవీ వాల్వ్ సవ్యంగా పనిచేసే ఇంజన్ ఆ కాగితాన్ని మెల్లగా లోపలికి లాక్కుంటుంది. తెరిచిన బ్రీతర్ ఉన్న పాత ఇంజన్‌లో కాగితం సన్నగా అల్లాడుతుంది. లేచి ఎగిరిపోతే గ్యాసు మితిమీరినట్టే. మెకానిక్కులు కాగితానికి బదులు ఆయిల్ మూతనే తిరగేసి ఆ నోటి మీద పెడతారు. అది గలగలా ఎగురుతుంటే తీర్పు అదే. ఈ పరీక్ష లోపం ఉందో లేదో చెబుతుంది గాని ఎక్కడో చెప్పదు. దీని మీద ఆధారపడి ఇంజన్ దించడం తొందరపాటు.

ఎక్కడో చెప్పేది కంప్రెషన్ గేజ్. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ గట్టిగా ఉండాలి. నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, కాయిల్ వైరు ఊడదీయాలి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కిపట్టాలి. యాక్సిలేటర్ తొక్కకపోతే సిలిండర్‌కు గాలి అందక గేజ్ తప్పు అంకె చూపిస్తుంది. హడావిడిలో ఎక్కువమంది మరిచేది ఇదే. సెల్ఫ్‌తో ఇంజన్‌ను అయిదారు చుట్లు తిప్పి, ఒక్కో సిలిండర్ అంకె కాగితం మీద రాయాలి. ఉదాహరణకు ఒకటో సిలిండర్ 130 పీఎస్ఐ, రెండోది 126, మూడోది 75, నాలుగోది 128 వచ్చాయనుకుందాం. మూడోదాంట్లో ప్లగ్ రంధ్రం గుండా చిన్న చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఆయిల్ రింగుల చుట్టూ చేరి కాసేపు సందులు మూస్తుంది. అంకె 110 దాటి లేస్తే లోపం రింగుల్లోనో బోరులోనో ఉంది. 75 దగ్గరే ఉండిపోతే వాల్వ్ సీటు కూర్చోవడం లేదు, లేదా పిస్టన్‌కు చిల్లు పడింది. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలిందని అనుమానించాలి. నాలుగు అంకెల మధ్య తేడా పదో వంతు దాటనంతవరకు, అన్నీ కొంచెం తక్కువగా ఉన్నా, పాత ఇంజన్‌కు అది బతుకే.

కారుతున్న వాల్వ్ గ్యాసును కార్బురేటర్ వైపో సైలెన్సర్ వైపో పంపుతుంది గాని క్రాంక్ గదిలోకి కాదు. కాబట్టి కంప్రెషన్ తక్కువ ఉన్నంత మాత్రాన బ్రీతర్ పొగకు అదే కారణమని చెప్పలేం. ఈ ముడి విప్పడానికి లీక్-డౌన్ పరీక్షను మించింది లేదు. సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పై కొసకు తెచ్చి, కారును గేరులో ఉంచి హ్యాండ్ బ్రేక్ లాగి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెషర్ గాలి ఎక్కిస్తారు. ఆ గాలి ఎక్కడి నుంచి బయటపడుతుందో చెవితో వినాలి. కార్బురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వ్. సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. రేడియేటర్ నీళ్లలో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్. ఆయిల్ పోసే నోట్లోంచి ఈదురుగాలిలా వస్తే రింగులు, బోరు, పిస్టన్. గేజ్ జత ఉంటే ఎంత శాతం కారుతోందో కూడా తెలుస్తుంది. పది శాతం లోపు మంచి ఇంజన్, ముప్పై దాటితే పని తప్పదు. గేజ్ లేకపోయినా పంక్చర్ షాపు కంప్రెషర్, ఒక పాత ప్లగ్‌ను తొలిచి చేసిన అడాప్టర్ ఉంటే వినడానికి సరిపోతుంది.

పొగ గుప్పులుగా వస్తున్న ఇంజన్‌లో ఇంకో చిట్కా ఉంది. ఐడిలింగ్‌లో ఒక్కో ప్లగ్ వైరును మార్చి మార్చి ఎర్తుకు తాకించి ఆ సిలిండర్‌ను మండకుండా చేస్తారు. ఏ సిలిండర్ ఆపగానే గుప్పులు తగ్గుతాయో లోపం అక్కడుంది. డీజిల్‌లో ఇదే పనికి ఇంజెక్టర్ పైపు నట్టును ఒక్కోటీ వదులు చేస్తారు. డీజిల్‌కు కంప్రెషన్ గేజ్ వేరే కావాలి. 400 పీఎస్ఐ పై మాట కాబట్టి పెట్రోలు గేజ్ పెడితే పగిలిపోతుంది.

కారణం రింగులేనని తేలాక కూడా ఆగి ఆలోచించాల్సిన విషయం, అవి అరిగాయా, అతుక్కున్నాయా అన్నది. రెండేళ్లు కదలకుండా ఉన్న కారులో మసి, గట్టిపడ్డ ఆయిల్ రింగులను వాటి గాళ్లలోనే బిగించేస్తాయి. ప్లగ్ రంధ్రాల్లో పలచని ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు నానబెట్టి, ప్లగ్గులు తీసే ఉంచి ఇంజన్‌ను ముందు చేత్తో, తర్వాత సెల్ఫ్‌తో తిప్పి ఆ ఆయిల్‌ను వెళ్లగొట్టాలి. ప్లగ్గులు బిగించి తిప్పితే సిలిండర్‌లో నిలిచిన ద్రవం కనెక్టింగ్ రాడ్‌ను వంచేయగలదు. తర్వాత ఇంజన్ ఆయిల్ మార్చి కొంత దూరం తోలి, మళ్లీ కంప్రెషన్ చూడాలి. అతుక్కున్న రింగులైతే అంకెలు లేస్తాయి. అరిగినవైతే లేవవు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం మైదానాల్లో రింగులు అరగడానికి పెద్ద కారణం దుమ్ము. నల్లరేగడి ఎండితే పిండిలా లేస్తుంది. రోడ్డు కంకర దుమ్ములోని ఇసుక రేణువు ఇనుముకన్నా గట్టిది. పత్తి తీతలు మొదలయ్యే అక్టోబరు నుంచి, మిరపకాయలు గుంటూరు యార్డుకు బస్తాల మీద బస్తాలు చేరే వేసవి దాకా ఈ రోడ్ల మీద ట్రాక్టర్లు, లారీలు ఆగవు. చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన తుమ్మకొమ్మలకు పత్తి పింజలు వేలాడుతుంటాయి. ఆ పింజలే ఎయిర్ క్లీనర్ మూతిలోకి చేరతాయి. పింజ పట్టిన క్లీనర్ దుమ్మును లోపలికి రానివ్వకపోవచ్చు గాని గాలిని కూడా రానివ్వదు. గాలి తగ్గితే పెట్రోలు పాళ్లు పెరుగుతాయి, ఎక్కువైన పెట్రోలు బోరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగు పొడి ఇనుము మీద రాసుకుంటుంది. దుమ్ము లోపలికి వచ్చే అసలు దొంగదారి వేరే ఉంది. క్లీనర్‌కూ కార్బురేటర్‌కూ మధ్య వదులైన క్లిప్పు, చిరిగిన రబ్బరు మెడ, పోగొట్టుకున్న గాస్కెట్. క్లీనర్ తీసి కార్బురేటర్ నోటి లోపల గుడ్డతో తుడిస్తే ఎర్రటి మన్ను అంటిందంటే ఆ ఇంజన్ దుమ్ము తింటోంది. ఆయిల్ తొట్టి ఉన్న క్లీనర్లలో తొట్టి అడుగున పేరుకున్న బురద తీసి, గీత దాకా తాజా ఆయిల్ పోయకపోతే అది ఉన్నా లేనట్టే.

రెండో కారణం వేడి. అవే పింజలు రేడియేటర్ రెక్కల మధ్య దుప్పటిలా పరుచుకుంటాయి. రెంటచింతల వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో గాలి ఆడని రేడియేటర్‌తో నాలుగు సార్లు మరిగిన ఇంజన్‌లో రింగులు స్ప్రింగు గుణం పోగొట్టుకుంటాయి. రేడియేటర్‌ను వెనక వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టి కడగాలి. ముందు నుంచి కొడితే పింజ ఇంకా లోపలికి దిగుతుంది.

బోరు అరిగిందని తేలితే హెడ్ దించి బోర్ గేజ్‌తో పై నుంచి కింద దాకా, అడ్డంగా నిలువుగా కొలవాలి. పై రింగు తిరిగే చోట అరుగుదల ఎక్కువ. దానిపైన అరగని అంచు మెట్టులా మిగులుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ మెట్టు ఉండగానే కొత్త రింగులు వేస్తే కొత్త రింగు పదునైన అంచు మెట్టుకు కొట్టుకుని విరుగుతుంది. అరుగుదల తక్కువైతే మెట్టు తీయించి, హోనింగ్ చేయించి రింగులు మార్చడం చాలు. ఎక్కువైతే లేత్ షాపులో బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేయాలి. 10, 20, 30, 40 అనే సైజులు అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 20 సైజు అంటే అర మిల్లీమీటరు పెద్దది. 40 కూడా దాటిన బ్లాకుకు స్లీవులు దింపి మళ్లీ స్టాండర్డ్ సైజుకు తెస్తారు. ముందు పిస్టన్లు చేతికొచ్చి, వాటిని కొలిచాకే బోరు చేయించాలి.

ప్రభుత్వం ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్‌కు సైలెన్సర్ పొగనే కొలుస్తారు, బ్రీతర్‌ను చూడరు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. రెన్యువల్ ఫీజు కట్టి కారు నిలుపుకునేవారు ఫిట్‌నెస్‌కు పోయే ముందు కంప్రెషన్ కూడా చూపించుకోవడం మేలు.

కొత్తగా బోరు చేసిన ఇంజన్‌లో మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బ్రీతర్‌లో పొగ కొంచెం కనిపిస్తుంది. రింగులు గోడకు ఇంకా కుదురుకోకపోవడమే కారణం. ఆ దశలో ఐడిలింగ్‌లో గంటల తరబడి వదలకూడదు, గరిష్ఠ వేగంతోనూ తోలకూడదు. వేగం మారుస్తూ మోస్తరు బరువుతో నడిపితే రింగులు త్వరగా కుదురుతాయి. 500 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చి, హెడ్ నట్లు బిగించి, టాపెట్లు సరిచూడాలి. వెయ్యి కిలోమీటర్లు దాటాక మళ్లీ కంప్రెషన్ కొలిచి నాలుగు అంకెలనూ తేదీతో సర్వీస్ పుస్తకంలో రాసుకుంటే, ఆ తర్వాత ఎప్పుడు పొగ కనిపించినా పోల్చి చూసుకోవడానికి అవే ఆధారం.